ఫోటోనిక్స్‌లో స్కాలర్‌షిప్: ఒకే మాట కింద ఎన్ని రకాల డబ్బు?

నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ఫిజిక్స్, ఈసీఈ చదివే పిల్లల నోట ఈమధ్య ఒక అంకె బాగా నలుగుతోంది: నెలకు 70,000 రూపాయలు. "ఫోటోనిక్స్‌లో రీసెర్చ్ చేస్తే కేంద్రం ఇస్తుందంట" అన్నది దాని వెనకున్న మాట. ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. అందులోని నాలుగు విభాగాల్లో సెన్సింగ్ ఒకటి, దాని కేంద్రం ఐఐటీ బాంబే. 2025 బడ్జెట్‌లో ఐదేళ్లలో 10,000 పీఎం రీసెర్చ్ ఫెలోషిప్‌లు ఇస్తామని ప్రకటించారు. దానికి తోడు అమరావతి క్వాంటమ్ వ్యాలీ వార్తలు. అన్నీ కలిసి చివరికి చేతిలో మిగిలింది ఆ 70,000 అంకె ఒక్కటే.

అంకె నిజమే. అయితే డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయికి వచ్చే డబ్బు వేరు, ఎంటెక్ అబ్బాయికి వచ్చేది వేరు, పీహెచ్‌డీ వాళ్లది ఇంకా వేరు. వీటన్నిటినీ మనం స్కాలర్‌షిప్ అనే అంటున్నాం. గందరగోళమంతా అక్కడే మొదలవుతోంది.

అసలు ఆప్టికల్ సెన్సింగ్ అంటే ఏమిటి

కాంతిని పుట్టించడం, నడిపించడం, పట్టుకుని కొలవడం, ఈ మూడూ కలిస్తే ఫోటోనిక్స్. అందులో కాంతితో కొలిచే భాగం ఆప్టికల్ సెన్సింగ్. సూత్రం చిన్నది. మనకు కావలసిన వస్తువు మీదుగానో, దాని గుండానో కాంతిని పంపుతాం. వెళ్లిన కాంతికీ వచ్చిన కాంతికీ తేడా చూస్తాం. ప్రకాశం తగ్గిందా, రంగు జరిగిందా, ఆలస్యంగా వచ్చిందా అన్న తేడాలోంచి వస్తువు గురించి తెలుసుకుంటాం.

కరోనా రోజుల్లో ప్రతి ఇంట్లో వేలికి తొడిగిన పల్స్ ఆక్సీమీటర్ ఇదే పని చేసింది. 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎరుపు, 940 నానోమీటర్ల పరారుణ కాంతి వేలిగుండా పంపి, ఏది ఎంత మిగిలిందో చూసి రక్తంలో ఆక్సిజన్ శాతం చెప్పింది. తీరప్రాంతపు రొయ్యల చెరువుల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవడానికి వాడే ఆప్టికల్ డీఓ మీటరుదీ ఇదే జాతి. దాని మూతికి పూసిన రంగుపొర నీలికాంతి పడితే ఎర్రగా వెలుగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎక్కువుంటే ఆ వెలుగు త్వరగా ఆరిపోతుంది. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను ఆకాశంలోకి వదిలి, వెనక్కి చెదిరి వచ్చే కాంతితో పై వాతావరణాన్ని కొలుస్తారు. అది లైడార్.

ఇంకొకటి ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్. గాజు తీగలో సన్నటి గీతల వరుస వేస్తే అది ఒకే రంగును వెనక్కి తిప్పికొడుతుంది. తీగ సాగితే ఆ రంగు జరుగుతుంది. 1,550 నానోమీటర్ల దగ్గర, మీటరుకు ఒక మైక్రాన్ సాగితే సుమారు 1.2 పికోమీటర్లు (పికోమీటరంటే నానోమీటరులో వెయ్యో వంతు) జరుగుతుంది. వంతెనలకూ డ్యాములకూ ఇది పనికొస్తుంది. చిక్కేమిటంటే, ఒక్క డిగ్రీ వేడి పెరిగినా అదే రంగు సుమారు 10 పికోమీటర్లు జరుగుతుంది. పెన్నా వంతెనకు దీన్ని అతికించారనుకుందాం. పొద్దుటికీ మధ్యాహ్నానికీ 10 డిగ్రీలు తేడా వస్తే జరుగుడు 100 పికోమీటర్లు. వంతెన మీద అదనపు బరువేమీ లేకపోయినా, మీటరుకు 83 మైక్రాన్లు సాగిందని మీటర్ చెబుతుంది. అందుకే పక్కన బరువు పడని ఇంకో గ్రేటింగ్ పెట్టి, వేడి వల్ల వచ్చిన భాగాన్ని తీసేస్తారు.

ఈ ఉదాహరణల్లో ఒకటి ఫిజిక్స్ వాళ్ల పని, ఒకటి కెమిస్ట్రీ, ఒకటి వాతావరణ శాస్త్రం, ఒకటి ఈసీఈ, సివిల్ కలిసి చేసేది. మన దేశంలో స్కాలర్‌షిప్ డబ్బు చాలావరకు ఈ పాత సబ్జెక్టుల పేర్ల మీదే వస్తుంది. "ఫోటోనిక్స్ స్కాలర్‌షిప్" అని వెతికేవాళ్లకు దొరికేవి తక్కువ. తమకు అర్హతున్న పథకం ఫిజిక్స్ పేరుతోనో, ఎలక్ట్రానిక్స్ పేరుతోనో పక్కనే ఉన్నా చాలామందికి కనపడదు.

నాలుగు రకాల డబ్బు, నాలుగు రకాల ప్రశ్నలు

స్కాలర్‌షిప్ అంటే చదువు ఖర్చుకు ఇచ్చేది. అది అడిగేది మార్కులు, లేదా కుటుంబ ఆదాయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ కోవలోదే, దానికీ పరిశోధనకూ సంబంధం లేదు.

ఫెలోషిప్ అంటే పరిశోధన చేస్తున్నంత కాలం నెలనెలా బతకడానికి ఇచ్చేది. అది జాతీయ పరీక్షలో అర్హత, లేదంటే ప్రతిపాదన అడుగుతుంది. రెండేళ్లకోసారో, ఏటేటానో పని చూసి కొనసాగిస్తుంది.

అసిస్టెంట్‌షిప్ అంటే పనికి ఇచ్చేది. ల్యాబ్ నడపడం, ట్యుటోరియల్ చెప్పడం, ప్రొఫెసర్ ప్రాజెక్టులో కొలతలు తీయడం. అది అడిగేది ఆ ప్రొఫెసర్‌కు మీరు పనికొస్తారా అన్న ఒక్క ప్రశ్న. అమెరికాలో ఆప్టిక్స్ పీహెచ్‌డీ చేసేవాళ్లలో ఎక్కువమంది ఇలాగే చదువుతారు. ఫీజు మాఫీ, దాని మీద నెల జీతం. అందుకే రోచెస్టర్, అరిజోనా, సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయాల ఆప్టిక్స్ విభాగాల్లో స్కాలర్‌షిప్ అనే మాట కింద మాత్రమే వెతికితే అసలు డబ్బు కంటపడదు.

చివరిది ఒక్కసారి ఇచ్చే గ్రాంటు, లేదా బహుమతి. సదస్సుకు ప్రయాణ ఖర్చు, లేదా వృత్తి సంఘం ఇచ్చే పురస్కారం. 1916లో పుట్టి 2021లో పేరు మార్చుకున్న ఆప్టికా, 1955లో పుట్టిన ఎస్‌పీఐఈ ఇలాంటివి ఇస్తాయి. ఆప్టికా మహిళా స్కాలర్లకు ఇచ్చేది 10,000 డాలర్లు. ఇక్కడ మాత్రం ఫోటోనిక్స్ అనే పేరు నేరుగా పనిచేస్తుంది, ఏ దేశపు విద్యార్థి అయినా పోటీలో ఉండొచ్చు. కానీ దీని మీదే ఆధారపడి ఐదేళ్ల చదువు నడవదు.

డిగ్రీలో ఉన్నవాళ్ల సంగతి

ఇంటర్ బోర్డులో పై 1 శాతంలో ఉండి, 17 నుంచి 22 ఏళ్ల మధ్య వయసులో బేసిక్ సైన్సుల్లో బీఎస్సీ, బీఎస్, లేదా ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీలో చేరినవాళ్లకు ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 60,000 రూపాయలు చేతికి, వేసవి పరిశోధన ప్రాజెక్టుకు ఇంకో 20,000. అన్ని పత్రికల్లో వచ్చే 80,000 అనే అంకె ఈ రెండూ కలిపితే వచ్చేది. ప్రాజెక్టు చేసి నివేదిక ఇవ్వకుండా ఆ రెండో భాగం రాదు.

బీటెక్‌లో చేరినవాళ్లకు ఇది వర్తించదు. ఇంటర్‌లో 980 మార్కులొచ్చినా, ఈసీఈలో చేరితే అర్హత పోతుంది. అదే మార్కులతో ఫిజిక్స్ మేజర్‌గానో, ఎలక్ట్రానిక్స్‌తోనో డిగ్రీలో చేరిన పక్కింటి అమ్మాయికి వస్తుంది. ఇది తెలియక దరఖాస్తు చేసి, తిరస్కరించారని బాధపడేవాళ్లు ఉన్నారు. తెలియక దరఖాస్తే చేయని డిగ్రీ విద్యార్థులు ఇంకా ఎక్కువ, అసలు నష్టం వాళ్లది.

బీటెక్ వాళ్లకూ, డిగ్రీ వాళ్లకూ ఇద్దరికీ తెరిచి ఉండేది మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్ అకాడమీలవి ఇవి. రెండు నెలలు ఏదైనా ప్రయోగశాలలో ఒక శాస్త్రవేత్త దగ్గర పని, భత్యం, రైలు ఖర్చు. డబ్బు చిన్నదే. కానీ ఆప్టికల్ టేబుల్ కంటితో చూడని విద్యార్థికి ఆ ఎనిమిది వారాల్లో దొరికేది మన జిల్లాల్లో చాలా కాలేజీలు ఇవ్వలేనిది.

పీహెచ్‌డీ డబ్బు: ఒకే ఫెలోషిప్, మూడు ఊళ్లలో మూడు అంకెలు

2023 జనవరి 1 నుంచి కేంద్రం జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్)ను నెలకు 37,000కు, రెండేళ్ల తర్వాత వచ్చే సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్)ను 42,000కు పెంచింది. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో ఫిజికల్ సైన్సెస్ రాసి జేఆర్ఎఫ్ తెచ్చుకున్నవాళ్లకు వచ్చేది ఇదే. యూనివర్సిటీలో పీజీ ఫస్ట్ ర్యాంకు వచ్చినవాళ్లకు ఇన్‌స్పైర్ ఫెలోషిప్ అనే ఇంకో దారి ఉంది. కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వంటి చోట చదివినవాళ్లు ఈ దారిని గుర్తుపెట్టుకోదగ్గది, ఎందుకంటే ఇక్కడ పోటీ దేశమంతటితో కాదు, ముందు సొంత యూనివర్సిటీలోనే. ఎంటెక్‌కు గేట్ స్కోరుతో వచ్చేది మాత్రం నెలకు 12,400. ఈ అంకెను జేఆర్ఎఫ్‌తో పోల్చి నిరాశపడేవాళ్లున్నారు గానీ, రెండూ వేర్వేరు మెట్లు.

జేఆర్ఎఫ్‌కు ఇంటద్దె భత్యం అదనం. అది ఊరిని బట్టి మారుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల లెక్కే దీనికీ వర్తిస్తుంది: పెద్ద నగరాలకు 30 శాతం, మధ్యస్థాయి నగరాలకు 20, మిగతా ఊళ్లకు 10. హైదరాబాద్ మొదటి వర్గం. నెల్లూరు రెండో వర్గంలో ఉంది. ఒంగోలు మూడోది. కాబట్టి అదే ఫెలోషిప్ హైదరాబాద్‌లో 37,000కు 11,100 కలిసి 48,100, నెల్లూరులో 7,400 కలిసి 44,400, ఒంగోలులో 3,700 కలిసి 40,700 అవుతుంది. సంస్థ హాస్టల్ గది ఇస్తే ఈ భత్యం ఉండదు. ఐఐటీ హాస్టల్లో ఉంటూ 37,000 మాత్రమే పడిందని కంగారుపడటం ఇందుకే.

ఇక ఆ 70,000. పీఎం రీసెర్చ్ ఫెలోషిప్ (పీఎంఆర్ఎఫ్) 2018లో మొదలైంది. ఆ పథకం ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 70,000, మూడో ఏడు 75,000, నాలుగూ ఐదూ 80,000. మీదనుంచి పరిశోధన ఖర్చుకు ఏడాదికి 2 లక్షలు. ఐదేళ్లకు ఫెలోషిప్ మొత్తం 45 లక్షలు. ఇంటద్దె పక్కన పెడితే జేఆర్ఎఫ్, ఎస్ఆర్ఎఫ్ దారిలో అదే ఐదేళ్లకు వచ్చేది 24 లక్షలు. తేడా పెద్దదే. అయితే ఇది ఐఐటీలు, ఐఐఎస్‌సీ, ఐసర్‌లు, ఎంపిక చేసిన మరికొన్ని జాతీయ సంస్థల్లో పీహెచ్‌డీ చేసేవాళ్లకే. పైగా దగ్గర్లోని పాలిటెక్నిక్‌లోనో, ఐటీఐలోనో, ఇంజినీరింగ్ కాలేజీలోనో పాఠం చెప్పాలన్న షరతుంది.

ఎంపిక కమిటీ వెతికేది: కనిగిరి బోరు నీళ్లతో ఒక ఉదాహరణ

మార్కులు ఒక గడప దాటిస్తాయి. దాని తర్వాత ఫెలోషిప్ ఇంటర్వ్యూ అయినా, వేసవి ప్రాజెక్టు దరఖాస్తు అయినా, విదేశీ ప్రొఫెసర్‌కు రాసే ఉత్తరమైనా అడిగేది ఒకటే: నువ్వు ఏదైనా కొలిచావా, కొలిచినదాంట్లో తప్పు ఎంతో నీకు తెలుసా? దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదని చూపించడానికి కనిగిరి చుట్టుపక్కల మండలాల ఫ్లోరైడ్ సమస్య కంటే మంచి ఉదాహరణ లేదు.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ, వేరే నీళ్లు లేనిచోట 1.5 వరకు సరేననీ భారత ప్రమాణం. దాన్ని కొలిచే పాత పద్ధతి స్పాడ్న్స్ అనే రంగుతో. ఆ రంగు జిర్కోనియంతో కలిసి ముదురు ఎరుపుగా ఉంటుంది. ఫ్లోరైడ్ వచ్చి జిర్కోనియాన్ని లాక్కుంటుంది, ఎరుపు పలచబడుతుంది. 50 మిల్లీలీటర్ల నీళ్లకు 10 మిల్లీలీటర్ల ద్రావణం కలిపి, 570 నానోమీటర్ల కాంతి ఎంత మింగుడుపడిందో చూడాలి. ఆ మింగుడునే శోషణాంకం అంటారు: వెళ్లిన కాంతిని వచ్చిన కాంతితో భాగించి, 10 ఆధారంగా లాగరిథమ్ తీసిన అంకె. 570 దగ్గర వెలిగే, పసుపు కలిసిన ఆకుపచ్చ ఎల్ఈడీ, కాంతిని కరెంటుగా మార్చే ఒక ఫోటోడయోడ్, నల్లపెట్టె, నీళ్లు పోసే చిన్న గాజు పాత్ర (కువెట్) ఉంటే పరికరం తయారు. ఖర్చు వందల్లో ఉంటుంది. అంగడిలో మామూలు పసుపు ఎల్ఈడీ తెస్తే మాత్రం అది 590 దగ్గర వెలుగుతుంది, రంగు మార్పు అక్కడ అంత బాగా పట్టదు.

లెక్క సులువు కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఫ్లోరైడ్ లేని నీళ్లకు శోషణాంకం 0.90, లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్న ప్రామాణిక ద్రావణానికి 0.70. అంటే ఒక మిల్లీగ్రాముకు 0.20 తగ్గుతోంది. ఈ పద్ధతి సుమారు 1.4 మిల్లీగ్రాముల వరకే సూటిగీతలా నడుస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు నేరుగా పెడితే గీత వంగిపోయి తక్కువ చూపిస్తుంది. అందుకని ఒక వంతు బోరు నీటికి మూడు వంతులు శుద్ధజలం కలుపుతాం. రీడింగ్ 0.74 వచ్చింది. 0.90లోంచి తీసేస్తే 0.16, దాన్ని 0.20తో భాగిస్తే 0.8, నాలుగు రెట్లు చేస్తే 3.2 మిల్లీగ్రాములు. పరికరం రీడింగ్ 0.01 అటూ ఇటూ ఊగితే చివరి అంకెలో ఊగుడు 0.2. కాబట్టి జవాబు 3.2 కాదు, 3.2 ± 0.2.

ఇప్పుడు తప్పులెక్కడ దూరతాయో చూడాలి. పిపెట్‌లో ద్రావణం 0.1 మిల్లీలీటరు ఎక్కువ పడిందనుకోండి. రంగు ఆ ద్రావణానిదే కాబట్టి దాదాపు 0.8 శాతం ముదురుతుంది, 0.74 కాస్తా 0.746 అవుతుంది. ఫ్లోరైడ్ 0.12 తక్కువగా తేలుతుంది. ఇది చిన్న తప్పు. పెద్దది బ్యాటరీ. బ్యాటరీ నీరసించి ఎల్ఈడీ వెలుగు 5 శాతం తగ్గితే, దాన్ని పరికరం నీళ్లే మింగాయని అనుకుంటుంది. శోషణాంకం 0.022 పెరుగుతుంది, నాలుగు రెట్లు చేశాక ఫ్లోరైడ్ 0.45 తక్కువగా తేలుతుంది. తాగకూడని నీళ్లను కాస్త మెరుగైనవని చెప్పే తప్పు ఇది. ప్రతి శాంపిల్‌కూ ముందు రంగు కలపని నీళ్లతో ఖాళీ రీడింగ్ తీయడమో, ఎల్ఈడీ పక్కన రెండో ఫోటోడయోడ్ పెట్టి దాని వెలుగును గమనించడమో దీనికి మందు. నీళ్లలో అల్యూమినియం ఉన్నా, బ్లీచింగ్ వేసిన క్లోరిన్ మిగిలి ఉన్నా, ప్రామాణిక ద్రావణం ఫ్యాన్ కింద, బోరు నీళ్లు ఎండలో ఉన్నా అంకె చెడిపోతుంది.

దరఖాస్తుల్లో తరచూ కనపడే వాక్యం: "నాకు చిన్నప్పటి నుంచి ఫోటోనిక్స్ అంటే ఆసక్తి." దీని పక్కన ఈ వాక్యం పెట్టి చూడండి: "570 నానోమీటర్ల ఎల్ఈడీతో బోరు నీటిలో ఫ్లోరైడ్ కొలిచాను, 3.2 ± 0.2 వచ్చింది, బ్యాటరీ వల్ల వచ్చే తప్పును రెండో డయోడ్‌తో తగ్గించాను, అల్యూమినియం వల్ల వచ్చేదాన్ని ఇంకా తీయలేకపోయాను." రెండో వాక్యం రాసిన విద్యార్థిని అడగడానికి కమిటీ దగ్గర పది ప్రశ్నలుంటాయి. ప్రశ్నలు పుట్టించడమే అక్కడ గెలుపు.

రెండు వాదనలు

మొదటిది, కొద్దిమందికి ఎక్కువా, ఎక్కువమందికి కొద్దా అన్నది. పెద్ద ఫెలోషిప్‌ను సమర్థించేవాళ్లు చెప్పేది: ఉద్యోగం వైపో, విదేశం వైపో వెళ్లిపోయే బలమైన విద్యార్థిని నిలపాలంటే 37,000 సరిపోదు. ఐరోపాలో పలు విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్‌కే నెలకు 1,400 యూరోలు 24 నెలలపాటు ఇస్తున్నారు, అందులో ఫోటోనిక్స్‌కే ప్రత్యేకమైన యూరోఫోటోనిక్స్ కోర్సూ ఉంది. వ్యతిరేకించేవాళ్లు అడిగేది: ఆ డబ్బంతా ఇప్పటికే పరికరాలున్న సంస్థలకే చేరితే, రాష్ట్ర విశ్వవిద్యాలయంలో స్పెక్ట్రోమీటర్ కూడా లేని గైడ్ దగ్గర చేరిన విద్యార్థి సంగతేమిటి? రెండు మాటల్లోనూ బరువుంది. పీఎంఆర్ఎఫ్‌లోని పాఠం చెప్పాలన్న షరతు ఈ రెండింటి మధ్య వేసిన చిన్న వంతెన. అది వారానికో క్లాసుగా మిగులుతోందా, ల్యాబ్ సాయంగా మారుతోందా అన్నది ఊరూరికీ మారుతుంది.

రెండోది నెట్ పరీక్ష గురించి. ఆప్టిక్స్ ల్యాబ్‌లో లేజర్‌ను వరుసలో పెట్టగల చేతిని నాలుగు ఆప్షన్ల ప్రశ్న కొలవలేదన్నది ప్రయోగశాలల వాళ్ల మాట. నిజమే. కానీ కందుకూరులో చదివిన వాళ్లకూ, చెన్నైలో చదివిన వాళ్లకూ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చేది ఆ పరీక్షే. సిఫార్సు లేఖలూ, పరిచయాలూ లేని పిల్లలకు ఇంత సమంగా తెరుచుకునే తలుపు ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

వచ్చిన డబ్బు ఎక్కడ ఆగుతుంది

ఎంపికయ్యాక కూడా నెలల తరబడి డబ్బు పడని సందర్భాలు తక్కువేమీ కాదు. కొంత ఆలస్యం నిధులు విడుదల చేసేవాళ్ల వైపు నుంచి వస్తుంది, దానికి విద్యార్థి చేయగలిగింది తక్కువ. మిగతాది మన కాగితాల్లో ఉంటుంది.

పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో చివరికి వెళ్తుంది. మనిషి ఒకరే అయినా కంప్యూటర్‌కు ముగ్గురు. ఇంకో చిక్కు ఆధార్‌తో జతచేసిన ఖాతా. నేరుగా జమయ్యే డబ్బు మీరు ఫారంలో రాసిన ఖాతాకు కాక, ఆధార్‌కు చివరగా జతైన ఖాతాకు వెళ్తుంది. ఇంటర్‌లో ఉన్నప్పుడు తెరిచి మరిచిపోయిన ఖాతాయో, ఫోన్‌లో సరదాగా తెరిచిన కొత్త ఖాతాయో అది కావచ్చు. ఫెలోషిప్ రాలేదని ఆరు నెలలు తిరిగి, చివరికి వాడని పాస్‌బుక్‌లో ఆ మొత్తం కనపడటం ఇలాగే జరుగుతుంది.

ఒకేసారి రెండు ఫెలోషిప్‌లు తీసుకోకూడదన్న నిబంధన కూడా చాలా పథకాల్లో ఉంది. సదస్సు ప్రయాణ గ్రాంటు సాధారణంగా దీని కిందకు రాదు, నెలనెలా వచ్చే రెండో భత్యం మాత్రం వస్తుంది. తెలియక రెండూ తీసుకున్నవాళ్ల దగ్గర ఒకటి వెనక్కి వసూలు చేస్తారు, అదీ సాధారణంగా మూడో ఏడు ఆడిట్ వచ్చినప్పుడు, ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయాక.